క్లచ్ లేని బండి

వనపర్తి నుంచి పాన్‌గల్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నామె కిటికీ వైపు చూడనే లేదు. డ్రైవరు ఎడమకాలినే చూస్తోంది.

"గేరు మార్చినప్పుడల్ల క్లచ్ తొక్కాల్సిందేనా అన్నా?"

అవునన్నాను.

"కరెంటుతోని నడిచే సామాన్ల ట్రాలీలకు క్లచ్చే ఉండదంట గద?"

"ఉండదు. ఏం, కొంటున్నారా?"

"మా ఆయన బండి మంచిగ తోలుతడు. పోయినేడు బొంబాయిల పనికాడ ఎడమకాలు పోయింది."

నాకు తెలిసిన ముక్క చెప్పాను. "సామాను నింపితే, ఎత్తు రోడ్డు మీద డీజిల్ బండి లాగినట్టు లాగుతుందో లేదో చూసుకోండి."

ఆమె మళ్లీ డ్రైవరు ఎడమకాలి వైపు చూసింది.

"లాగకుంటె నేను దిగి నూకుత. ఎడమకాలు యాడికెల్లి తేవాలె?"

ఇప్పటికీ ఎత్తు ఎక్కుతున్న కరెంటు ట్రాలీ కనిపిస్తే, వెనక ఎవరైనా నూకుతున్నారేమోనని చూస్తాను.