తలుపు దగ్గరి కుర్చీ

కాఫీతో ఒక్క బిస్కెట్టిచ్చి వెంటనే డబ్బా మూత బిగించే మనిషి సీత్స్కే. గడియారం చూడందే ఏ పనీ చేయదు. అలాంటిది డెబ్బై ఎనిమిదో ఏట కుక్కపిల్లను తెచ్చుకుందని డచ్చి దేశపు ఫ్రీస్‌లాండ్‌లోని ఆ కాలువగట్టు ఊరంతా నవ్వుకుంది. దాని తల్లి వాసన పట్టిన గుడ్డను బుట్టలో పరిచి, వంటింట్లో పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేది. కుయ్యిమంటే వీపు నిమిరేది. అది ఒంటరిగా పడుకోవడం అలవాటు చేసుకునేలా, రోజూ రాత్రి కుర్చీని జానెడు మాత్రం తలుపు వైపు జరిపేది. పదిహేనో రోజుకు కుర్చీ గడప దాటింది.

ఆ రోజే చూడ్డానికొచ్చిన కూతురు హిస్కే కాఫీ తాగుతూ నవ్వింది. "దీనికి పదిహేను రోజులా! నాకెన్ని రోజులు కూర్చున్నావమ్మా?"

సీత్స్కే చెంచా తిప్పుతూనే ఉంది. "ఒక్క రోజూ కూర్చోలేదే. నాలుగు గంటలకోసారి పాలివ్వు, మధ్యలో ఎత్తుకుంటే మొండిదవుతుందని ఊరి నర్సు చెప్పింది. తలుపేసి కిందికి వచ్చేసేదాన్ని. నువ్వు ఏడ్చి ఏడ్చి ఊరుకునేదానివి."

"పోనీలే, నాకేం గుర్తుందని!"

"నాకుంది." సీత్స్కే డబ్బా మూత తీసి, మొత్తం కూతురి ముందుకు తోసింది.

ఆ రాత్రి కుక్కపిల్ల కిక్కురుమనలేదు. అయినా సీత్స్కే కుర్చీ మోసుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కి, యాభై ఏళ్ల కూతురు నిద్రపోతున్న గది తలుపు ముందు వేసుకుని కూర్చుంది.