సిరిసిల్లకు పంపిన నా చావు కబురు

జర్నలిజం చదువుతున్నానంటే మా కోరుట్లలో అందరూ అడిగేది ఒక్కటే: "టీవీల ఎప్పుడు కనవడుతవు?" కనబడే సంగతి దేవుడెరుగు, నేను బాగా నేర్చుకున్న పని చావు వార్తలు రాయడం. యూనివర్సిటీలో మొదటి ఏడాది పరీక్షలయ్యాక వేసవిలో ఇంటర్న్‌షిప్ చేయాలి. నన్ను జగిత్యాలలో ఒక పత్రిక ఆఫీసుకు పంపారు. వెల్గటూర్ నుంచో, కథలాపూర్ నుంచో విలేకరి ఒక చావు వార్త పంపుతాడు. నేను ఆ ఇంటికి ఫోన్ చేసి, మనిషి నిజంగా పోయారా అని అడిగి, ఆ తర్వాతే పేజీకి పంపాలి. ఎంత పాపిష్టి ప్రశ్న అది! అడిగిన ప్రతిసారీ నా నాలుకను నేనే తిట్టుకునేదాన్ని.

ఒకరోజు ఆ ఆఫీసు మేడ మీద సద్ది విప్పుకుని తింటుంటే కాకి నా నెత్తి మీద తన్నింది. ఎగురుతూ తగిలి పోవడం కాదు. పాపిట మీద వాలి, గోళ్లు దింపి, ఒక క్షణం కూర్చుని పోయింది. చేయి పెట్టి చూసుకున్నాను. నెత్తురు లేదు గానీ, ఆ ఎండలో కూడా అక్కడ చల్లగా తగిలింది. అన్నం పారేసి కిందికి వచ్చేశాను.

సాయంత్రం ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాను. బీడీలు చుడుతున్న అమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఏడ తన్నింది?"

"నెత్తి మీద."

"నెత్తి మీదనా! ఓ నా తల్లో!"

కాకి నెత్తిన తన్నితే చావు దగ్గరికొచ్చిందని మా నమ్మకం. విరుగుడు ఒకటే. ఆ మనిషి చచ్చిపోయిందని వేరే ఊళ్లో ఉన్న చుట్టాలకు కబురు చేయాలి. వాళ్లు నిజమనుకుని ఏడవాలి. ఆ కన్నీళ్లతో గండం పోతుంది. తర్వాత అసలు సంగతి చెబితే వాళ్లు నాలుగు తిట్లు తిట్టి, నవ్వుకుంటారు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే మండిపోయాను.

"పొద్దంత నేను చావు వార్తలు నిజమా కాదా అని ఫోన్లు చేస్తున్న. నువ్వు ఇంట్ల కూసొని దొంగ చావు వార్త పంపుతవానే?"

"నీ సదువు నీ దగ్గరనే వెట్టుకో. నాకున్నది ఒక్క బిడ్డవు."

సిరిసిల్లలో ఉన్న అమ్మమ్మకు ఫోన్ కలిపింది. "అవ్వా, బిడ్డ పోయిందే అవ్వా! బస్సు కింద వడ్డదే!" అంటూ నేల మీద కూలబడి ఏడ్చింది. మా అమ్మకు ఇంత నటన ఎప్పుడొచ్చిందా అని నవ్వబోయాను, నవ్వు రాలేదు. అమ్మ కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఎదురుగా నిలబడ్డ నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఫోన్‌లో అమ్మమ్మ కేక వినబడింది. అమ్మమ్మతో ఉండే మా మామ, ఆ ఇంట్లోనే మరమగ్గాలు నడుపుతాడు. ఆ కేక వెనకాల మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోవడం కూడా వినబడింది. అన్నీ ఆగిపోయాక అమ్మమ్మ ఏడుపు ఒక్కటే మిగిలింది.

సరిపడా ఏడ్చారనుకున్నాక అమ్మ ముక్కు తుడుచుకుని, ఫోన్ అందుకున్న మామతో అసలు మాట చెప్పింది. మామ తిట్టాడు. అమ్మమ్మ ఫోన్ లాక్కుని, "ముండా, నా పాణం దీసినవు గదే!" అంది. నేను కూడా మాట్లాడాను. నా గొంతు విని నవ్వింది. మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. కథ అక్కడితో అయిపోవాలి.

తెల్లారి మామ ఫోన్ చేశాడు. "అక్కా, అవ్వ లేవంగనే మల్ల ఏడుస్తుంది. పిల్ల బతికే ఉందని ఎంత జెప్పినా ఇంటలేదు."

అమ్మమ్మకు కొంతకాలంగా మతిమరుపు. తిన్నానా లేదా అని అడిగేది, కళ్లద్దాలు పెట్టుకునే వాటికోసం వెతికేది. వయసులే అనుకున్నాం. రాత్రి పడుకుని లేచేసరికి ఆమెకు నా చావు కబురు ఒక్కటే గుర్తు మిగిలింది, ఆ తర్వాత విన్న నా గొంతు, తను నవ్విన నవ్వు మరుపులో జారిపోయాయి. ఆ మర్నాడూ అంతే. అన్నం ముట్టడం లేదని, చాయ నీళ్లతోనే ఉంటోందని మామ చెప్పాడు. అమ్మ గోడకు తల కొట్టుకుంది. నేను కళ్లముందు కనబడితే ఆమె ముద్ద మింగుతుందని, మూడోరోజు బస్సెక్కాను.

రుద్రంగి దాటి, వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. మామ మొఖం చూస్తేనే తెలిసింది, ఇంట్లో ఏదో జరుగుతోందని. "ఆపితే నన్నే కొట్టబోయింది" అని పెరడు చూపించాడు.

అమ్మమ్మ పెరట్లో విస్తరాకు పరిచి, దాని మీద సర్వపిండి పెట్టి కూర్చుంది. అది నాకిష్టమైనది. మనిషి పోయిన మూడోరోజు వాళ్లకిష్టమైనవి పిట్టకు పెడతారు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లు తిన్నట్టు లెక్క. నాకోసం పిట్టకు పెట్టింది.

"అమ్మమ్మా, నేనే" అన్నాను.

తలెత్తి చూసింది. "ఎవరు బిడ్డా? జర పక్కకు జరుగు, పిట్ట బెదురుతది."

"నేను అమ్మమ్మా, నీ మనుమరాలిని."

నా చేయి పట్టుకుని వేళ్లు ఒత్తి చూసింది. "దాని చెయ్యి గూడ గిట్లనే ఉంటుండె" అంది. అప్పుడే గోడ మీంచి కాకి దిగింది. అటూ ఇటూ చూడలేదు, నేనంత దగ్గరగా నిలబడి ఉన్నా బెదరలేదు. నేరుగా వచ్చి సర్వపిండి ముక్క నోట కరుచుకుంది. అమ్మమ్మ చేతులు జోడించింది. "అచ్చినవా నా తల్లీ! తిను, కడుపునిండ తిను."

అబద్ధమెందుకు, నేను బతికే ఉన్నానా అని ఒక్క క్షణం నాకే అనుమానమొచ్చింది. ఆ భయంతోనే "నేను సావలేదే!" అని అరిచాను. అమ్మమ్మ గోడకు ఒదిగిపోయి మామ వైపు చూసింది. "ఎవరురా గీ పిల్ల? సచ్చినదాని పేరు జెప్పుకుంట ఎందుకచ్చింది?"

"ఒర్రకు బిడ్డా, ఆమె గుండె ఆగుతది" అని మామ నన్ను వెనక్కి లాగాడు. ఆమెను ఊరడించడానికి నోటికొచ్చింది చెప్పాడు. "గీమె పేపరామె అవ్వా. వార్త రాసుకోను అచ్చింది."

ఆ మాటకు ఆమె మొఖంలో బెదురు తగ్గింది. "మా పిల్ల గూడ గదే సదువుతుండె" అంటూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. గొంతు తగ్గించి, "ఒక్క ముక్క రాయి బిడ్డా. మా పిల్ల సావలేదని రాయి. వీళ్ల నోటి మాట నేను నమ్మ. పేపర్ల అస్తే నమ్ముత" అంది.

"రాస్త. మరి అన్నం తింటవా?"

"రాసినంక తింట."

జగిత్యాల ఆఫీసులో అడిగితే, అచ్చు కాని వార్తకు ఖండన ఎట్లా వేస్తామని నవ్వారు. యూనివర్సిటీకి పరుగెత్తాను. మా డిపార్ట్‌మెంట్‌లో విద్యార్థులమే ఒక ప్రాక్టీసు పత్రిక తెస్తాం. రాసినవాళ్లు తప్ప ఇంకెవరూ చదవరు. అందులో మూడు వాక్యాలు రాశాను, ఫొటో పెట్టాను: కోరుట్లకు చెందిన విద్యార్థిని మరణించినట్లు వచ్చిన సమాచారం నిజం కాదు. ఆమె క్షేమంగా ఉన్నారు. బంధువులు ఆందోళన చెందవద్దు.

ఆ పత్రిక చూసే మా సారు చదివి, "ఆధారం?" అన్నాడు.

"నేనే సార్."

నవ్వబోయి, నా మొఖం చూసి ఆగిపోయాడు. "నువ్వొక్కదానివి చెప్తే చాలదు. ఇంకొకరితో చెప్పించు." ఆటపట్టిస్తున్నాడో, పాఠం చెబుతున్నాడో తెలియలేదు. అమ్మకు ఫోన్ కలిపి ఇచ్చాను. "బతికే ఉంది సారూ, నా నోరే పాడునోరు" అని అమ్మ ఏడుస్తుంటే సారు పేజీ మీద సంతకం పెట్టాడు.

పత్రిక పట్టుకుని సిరిసిల్ల వెళ్లాను. అమ్మమ్మ అప్పటికే సగమైంది. మామ పెద్దగా చదివి వినిపించాడు. మళ్లీ చదవమంది. ఫొటో మీద వేలు పెట్టి నిమిరింది. ఆ మొఖంలో వెలుగు చూసి నాకు ఏడుపొచ్చింది.

"బతికే ఉందట! అన్నం వెట్టుండ్రి" అంది.

కంచం తెచ్చారు. కలిపి, మొదటి ముద్ద నా నోట్లో పెట్టింది. "మంచి కబురు దెచ్చినవు, తిను బిడ్డా." తర్వాత తనూ తింది, గబగబా, పసిపిల్లలాగా. తింటూ తింటూ ఆగి, నన్ను దాటి వాకిలి వైపు చూసింది.

"బతికే ఉంటె" అంది, "మరి నన్ను సూడ రాదేంది బిడ్డా?"