గల్లీ మొదట్లో ఎత్తిన గొంతు

మొన్న సాయంత్రం హైదరాబాదులో ఒక ప్రదర్శన ముగించుకుని బయటికి వచ్చేసరికి సన్నగా వాన మొదలైంది. రోడ్డు పక్కన మక్కకంకులు కాల్చి అమ్మే ఆవిడ దుకాణం సర్దుకుంటూ నిప్పుల మీద చెంబెడు నీళ్ళు గుమ్మరించింది. చుయ్యిమని తెల్లటి పొగ లేచింది. ఆమెది కట్టెబొగ్గు, మా ఇళ్ళలో మండినది గని బొగ్గు, రెండింటి వాసనా ఒకటి కాదు. అయినా తడిసిన నిప్పు వాసన ముక్కుకు తగలగానే నేను మందమర్రి కార్మికుల కాలనీలో, మా క్వార్టరు ముందు నిలబడి ఉన్నాను. వంట అయ్యాక ఆడవాళ్ళంతా సగం కాలిన బొగ్గు మళ్ళీ పనికొస్తుందని పొయ్యి మీద నీళ్ళు చల్లే వేళ అది. ఆ పొగలోంచి పక్క క్వార్టరు ఓదెమ్మ పెద్దవ్వ గొంతు వినబడేది. "లక్ష్మీ, నీ బిడ్డ మల్ల ఎవలిమీదనో అలిగినట్టున్నది, ఇటు తోలియ్యి. దాని ముచ్చట నేనింట."

లక్ష్మి మా అవ్వ, నన్ను కన్నతల్లి. అలిగిన బిడ్డను నేను. అలగడానికి నాకు ఎప్పుడూ కారణం ఉండేది, ఇప్పటికీ ఉంటుంది. నా పని స్టాండప్ కామెడీ. మైకు పట్టుకుని ఒంటరిగా నిలబడి, నాకు జరిగినవన్నీ చెప్పి ముక్కూ మొహం తెలియనివాళ్ళను నవ్వించాలి. ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నావని అడిగేవాళ్ళు ఏదో పెద్ద నగరం పేరు, ఏదో కోర్సు పేరు వస్తుందని ఎదురుచూస్తారు. చావు ఇళ్ళలో నేర్చుకున్నానంటే అది కూడా జోకే అనుకుంటారు. నా మాట నమ్మకపోవడం కొత్త కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మా వైపు మనిషి పోతే ఆడవాళ్ళు ఊరికే ఏడవరు. రాగం తీసి ఏడుస్తారు. పోయినవాడి బతుకంతా అందులో వస్తుంది. అతని మంచితనం, పిసినారితనం, పెళ్ళాన్ని కొట్టిన కథ, చెల్లెలికి పెట్టని చీర, అన్నీ. ఎంత కోపిష్టి మొగుడైనా, ఎంత పెద్ద అత్త అయినా, రాగం తీసి ఏడుస్తున్న ఆడదాన్ని నడుమన ఆపకూడదు. అది కట్టుబాటు. మిగతా రోజుల్లో నోరు విప్పితే "నోర్మూయ్" అనిపించుకునే ఆడవాళ్ళకు ఆ కాసేపు మాత్రం మాట అడ్డులేనిది. ఓదెమ్మ పెద్దవ్వ ఆ సంగతి అందరికంటే బాగా కనిపెట్టింది. మనిషి పొడుగ్గా ఉండేది, పై పళ్ళ మధ్య సందు, పెద్ద బొట్టు. భర్త మా బాపుతో పాటే గనిలో పనిచేసేవాడు. ఆమె వస్తున్నదంటే చావు ఇంట్లో ఆడవాళ్ళు జరిగి చోటు చేసేవాళ్ళు. ఆమె ఏడిస్తే విన్నవాళ్ళకు ముందు కన్నీళ్ళు, వెంటనే నవ్వు వచ్చేవి. కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వేవాళ్ళు. దూరంగా కుర్చీల్లో ఉన్న మగవాళ్ళు, పాపం ఎంత ఏడుస్తున్నారో అనుకునేవాళ్ళు.

నన్ను ఆమె దగ్గరికి చేర్చింది మా మేనత్త. బాపుకు అక్క, ఉండేది కరీంనగర్‌లో. నేను ఏడో తరగతిలో ఉండగా ఆమె కూతురి పెళ్ళి జరిగింది. ఫోటో తీసేటప్పుడు నేను పెళ్ళికూతురి పక్కన నిలబడ్డాను. అత్తమ్మ నా భుజం పట్టుకుని, "నువ్వు జర అవతలికి నిలవడు బిడ్డా, ఫోటో నల్లగొస్తది" అని జరిపింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ ఫోటో ఇప్పటికీ ఆమె ఇంటి గోడకు ఉంది. ఎడమ అంచున ఒక మోచెయ్యి కనబడుతుంది. అది నాది. తిరిగి వచ్చాక కాలనీలో దొరికిన ప్రతి మనిషికీ ఈ అన్యాయం చెప్పాను. అవ్వ "పోనియ్యే, మీ అత్తేనాయె" అంది. బాపు విననట్టు టవలు వెతుక్కున్నాడు. పెద్దవ్వ మాత్రం బియ్యంలో రాళ్ళు ఏరుతూ మొత్తం విని, "మల్ల జెప్పు" అంది. మళ్ళీ చెప్పాను.

"మంచిగనే జెప్పినవ్. కని మోచెయ్యి ముచ్చట ముందుగాలనే జెప్తివి. ఇగ ఇనేటిదేమున్నది? మోచెయ్యి ఆఖరికి రావాలె."

"నేను నవ్విచ్చెటందుకు చెప్తలేను పెద్దవ్వా. నాకు కోపమొచ్చింది."

"కోపం నీది. నీ కోపం మంది ఎందుకు మోస్తరే? నవ్వొస్తే ఆళ్ళంతల ఆళ్ళే మోసుకపోతరు."

నాకు ఆ రోజు ఆ మాట నచ్చలేదు. నా కోపాన్ని చిన్నది చేసిందనుకున్నాను. కానీ ఆమె వెంట చావులకు పోవడం మొదలుపెట్టాను. ఆడపిల్లను చావు ఇళ్ళకు తిప్పడమేమిటని కాలనీలో గొణిగారు. "సర్కసుకు తోల్కపోతలేను గదా" అని పెద్దవ్వ వాళ్ళ నోరు మూయించింది. ఒకసారి ఆమె సొంత బావ, అంటే భర్త అన్న పోయాడు. ఆయనకు చేతులున్న కుర్చీ ఒకటి ఉండేది. ఇంట్లో ఎవరినీ, ముఖ్యంగా ఆడవాళ్ళను, దాని మీద కూర్చోనిచ్చేవాడు కాదు. గల్లీ మొదట్లో ఆటో దిగగానే పెద్దవ్వ గొంతెత్తింది. ఇల్లు ఇంకా కనబడనే లేదు. నేను సిగ్గుతో ఆమె కొంగు లాగితే చెయ్యి విదిలించింది. ఇంటికి చేరేసరికి దారి దానంతట అదే తెరుచుకుంది. నేరుగా పోయి శవం కాళ్ళు పట్టుకుంది. తనకు జ్వరమొస్తే ఆయన బండి కట్టించి దవాఖానకు పంపిన సంగతి చెప్పి, నిజంగానే వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత రాగం తిప్పింది. "ఓ బావా, నీ కుర్చీల ఈగను సుత వాలనియ్యకపోతివి బావా, ఇయ్యాల ఊరోళ్ళంత అండ్ల కూసుండి చాయ తాగుతుండ్లు, లేచి ఒక్కసారి బెదిరియ్యి బావా."

నిజమే. ఆ కుర్చీలో ఎవరో పెద్దమనిషి కూర్చుని చాయ తాగుతున్నాడు. ఆయన ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. ఆడవాళ్ళ భుజాలు కదిలినంతసేపు కదిలాయి.

తిరిగి వస్తుంటే అడిగాను, అంత దూరం నుంచే ఎందుకు అరిచావని. "గడప దాటినంక గొంతెత్తితె ఎవలు జాగియ్యరు బిడ్డా. గల్లి మొదట్లనే ఎత్తాలె. ఆడిదొస్తున్నదని ముందుగాల తెల్వాలె" అంది. మళ్ళీ తనే అంది. "మొగోళ్ళకు కల్లు దుకాణమున్నది, టేషనున్నది, ఏడ వడితె ఆడ నవ్వుతరు. మనకేడున్నది జాగ? గీ ఒక్క సావింట్ల ఉన్నది. గిది సుత ఇడిసిపెడితె ఇగ పొయ్యిల మొకం పెట్టి నవ్వుకోవాలె."

నేను ఇంటర్ చదువుతుండగా బాపు పోయాడు. ప్రమాదమేమీ కాదు, గుండె ఆగిపోయింది. అవ్వ ఆ పొద్దున్నుంచి ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. గోడకు ఆనుకుని, బాపు పాదాల వైపు చూస్తూ కూర్చుంది. వచ్చినవాళ్ళు ఆమె మెడ మీద పడి ఏడుస్తుంటే రాయిలా ఉండిపోయింది. "ఏడ్వకపోతె పానం మీదికొస్తది" అని కొందరు, "ఏడుపు రాకపోయె ఏం మనిషో" అని కొందరు. అన్నవాళ్ళందరి పేర్లూ నాకు గుర్తున్నాయి. అప్పుడు పెద్దవ్వ బాపు కాళ్ళు పట్టుకుని మొదలుపెట్టింది. బాపుకు ఒక అలవాటుండేది. డ్యూటీకి పోయేముందు ప్రతి వస్తువూ అవ్వనే అడిగేవాడు. గనిలో పెట్టుకునే టోపీని నెత్తిమీద పెట్టుకునే, టోపీ ఏదని ఇల్లంతా తిరిగేవాడు.

"ఓ తమ్మీ, టోపి ఏడున్నదే లక్ష్మీ అని ఇల్లంత లొల్లి వెడుదువు తమ్మీ, నెత్తిమీద పెట్టుకోని నెత్తి గోక్కుంటివి తమ్మీ..."

అవ్వ నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు. తలుపు తెరుచుకున్నట్టు గట్టిగా, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. వాకిట్లో మగవాళ్ళు తిరిగి చూశారు. పెద్దవ్వ ఆగలేదు. "ఇప్పుడు ఆడికి పోయి తొవ్వ ఎవలనడుగుతవు తమ్మీ, నీ లక్ష్మి ఈన్నే ఉండిపాయెనయ్యా" అన్నది. ఆ మాటతో అవ్వ నవ్వు నడుమనే విరిగి, బాపు మీద పడి, ఆ సాయంత్రం దాకా ఏడ్చింది.

ఆ ఏడుపు ఎవరికీ గుర్తులేదు. నవ్వు ఒక్కటే గుర్తుంది. మా మేనత్త అందరి ముందూ, "మొగడు సచ్చిన నాడు నవ్విన ఆడిదాన్ని గీ పుట్టుకల గీమెనే జూసిన" అంది. ఆ మాట కరీంనగర్ పోయింది, చుట్టాల పెళ్ళిళ్ళకు పోయింది, మాకంటే ముందు మేము పోయిన ప్రతి ఇంటికీ పోయింది. "గామెనేనా నవ్వింది?" "అవు, గామెనే." అవ్వ నవ్వడం మానేసింది. ఇంట్లో కూడా నోటికి చెయ్యి అడ్డం వచ్చేది. చావులకు పోతే ఒక మూల తల వంచుకుని కూర్చుని, మాట్లాడకుండా తిరిగి వచ్చేది. నేను పెద్దవ్వను నిలదీశాను, అంత పని ఎందుకు చేశావని. ఆమె క్షమాపణ చెప్పే మనిషి కాదు. "ఏడ్పిద్దామనే అన్న. ఏడుపుకు నవ్వు అడ్డం వడి ఉండె. ముందుగాల అది బయటికి రావాలె. రాకపోతె నీ అవ్వ నీకు దక్కకపోవు" అంది. తర్వాత మెల్లగా, "మల్ల నవ్వుతది. తొందర వెట్టకు" అంది.

నేను తొందరపడ్డాను. చదువయ్యాక హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, ఒక కాఫీ హోటల్లో ఎవరైనా వేదిక ఎక్కి మాట్లాడవచ్చని తెలిసి ఎక్కాను. నాకంటే ముందు మాట్లాడిన కుర్రాళ్ళను పేర్లతో పిలిచారు, నన్ను "ఇప్పుడొక లేడీ కమెడియన్" అని పిలిచారు. అదీ మరిచిపోలేదు. మైకు అందుకోకముందే, ఇంకా మెట్ల దగ్గరే ఉండగా, గొంతెత్తి మాట్లాడుతూ నడిచాను. కూర్చున్నవాళ్ళు తిరిగి చూశారు, చోటిచ్చారు. అత్తమ్మను దులిపి పారేశాను. ఫోటో, మోచెయ్యి, అవ్వను అన్న మాట, అన్నీ. జనం విరగబడి నవ్వారు. ఆ వీడియో ఫోన్లలో తిరిగి చుట్టాలందరికీ చేరింది. అత్తమ్మ మాతో మాటలు మానేసింది. అవ్వ ఇంకాస్త ముడుచుకుపోయింది. నేను గెలిచాననుకుని నస్పూర్‌లో కూతురి దగ్గర ఉంటున్న పెద్దవ్వకు ఫోనులో అది చూపించాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చూసింది. నవ్వలేదు.

"తిట్టినవ్."

"మంది నవ్విండ్లు గదా పెద్దవ్వా."

"తిడితె సుత నవ్వుతరు. కాళ్ళు వట్టుకోకుంట ఒర్రుతున్నవ్. నేను ఎవలనన్న కాళ్ళు వట్టుకోకుంట అన్ననా? మీ అత్త నీకు ఎన్నడన్న ఒక్క మంచి జేసిందా లేదా?"

చెయ్యలేదన్నాను. ఆలోచించమంది. నాకు పొరపాటున కూడా గుర్తుండని రకం సంగతులవి. చాలా రోజులకు దొరికింది. చిన్నప్పుడు కొండగట్టులో మెట్ల మీద నా కాలు బెణికితే, అత్తమ్మ తన సొంత పిల్లను నడిపిస్తూ నన్ను పైదాకా చంకనెత్తుకుని పోయింది. దారంతా గొణుగుతూనే మోసింది. అయినా మోసింది. తర్వాతి ప్రదర్శనలో ఆ సంగతి ముందు పెట్టి, మోచెయ్యి చివరికి పెట్టాను. ఇదివరకు నా కోపానికి నవ్వినవాళ్ళు, ఇప్పుడు తమ అత్తలను తలుచుకుని నవ్వారు. పెద్దవ్వ మాటే నెగ్గినందుకు నాకు కొంత కష్టంగానే ఉండింది.

పోయిన ఎండాకాలం పెద్దవ్వ పోయింది. నేనూ అవ్వా నస్పూర్ పోయాము. ఆటోలో కూర్చుని ఏం చెప్పాలో మనసులో వరుస కట్టుకున్నాను. ఆమెకు రాగం తీయాల్సింది నేనేనని, ఆ హక్కు ఇంకెవరికీ లేదని నాకు నమ్మకం. గల్లీ మొదట్లో దిగాను. గొంతెత్తబోతే గొంతు లేవలేదు. వందల మంది ముందు లేచిన గొంతు అది, గాలి తప్ప ఏమీ రాలేదు. అరుగు మీద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు అవ్వను చూసి, "గామెనేనా?" "అవు, మొగడు సచ్చిన్నాడు నవ్వింది" అని అనుకోవడం వినబడింది. వాళ్ళతో తగాదాకు తిరిగాను. ఈలోగా నా పక్కనుంచి ఒక గొంతు లేచింది. ఇన్నేళ్ళుగా అణిగి ఉన్న గొంతు, మొదట బొంగురుగా, తర్వాత గల్లీ అంతా పట్టేలా. అవ్వ నడుస్తున్నది. చెయ్యి నోటికి అడ్డం లేదు.

"ఓ అక్కా, అందరి సావులకు నువ్వే పోయి ఏడుద్దువు అక్కా, నీ సావుకు నువ్వే రాకపోతివే..."

పోయి కాళ్ళు పట్టుకుంది. బాపు పోయాక మా ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో, పెద్దవ్వ గిన్నె నిండా కూర తెచ్చిపెట్టిన సంగతి చెప్పి ఏడ్చింది. ఆ తర్వాత రాగం తిప్పింది.

"ఇన్నేండ్లు మంచిగున్నదంటిని అక్కా, అబద్ధమాడితినే అక్కా, నీ కూరల ఉప్పెక్కువనే అక్కా, ఇయ్యాల జెప్తున్న, లేచి ఒక్కసారి నన్ను తిట్టవే..."

పెద్దవ్వ కూతురే మొదట నవ్వింది. దాంతో ఇల్లంతా నవ్వింది. అరుగు మీది ఇద్దరూ లోపలికి వచ్చి తలుపు పట్టుకుని నవ్వుతున్నారు. అవ్వ కూడా నవ్వుతూ ఏడుస్తూ, ఎవరు చూస్తున్నారో పట్టించుకోలేదు. అంత నవ్వు నాకు ఏ హాలులోనూ రాలేదని ఇక్కడ ఒప్పుకోక తప్పడం లేదు.

తిరుగు ఆటో ఎక్కాము. మందమర్రి దగ్గరపడుతుండగా అవ్వ, బయటికి చూస్తున్నట్టే ఉండి, "ఏమే రజితా, మంచిగనే ఏడ్చిన్నా? జర పొడుగైందా?" అంది. వేదిక దిగివచ్చిన ఏ కమెడియన్ అయినా పక్కవాణ్ణి అడిగే మాటే అది.

"ఉప్పు ముచ్చట నేను చెప్దామనుకున్న. దాసిపెట్టుకున్న" అన్నాను.

"నీ గొంతు లేవకపాయె. నేనేం జెయ్యాలె?"

ఈ మాట నేను మరిచిపోలేదు, మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు. అయితే అప్పటినుంచి ఒక పని చేస్తున్నాను. ఏ ఊళ్ళో ప్రదర్శన ఇచ్చినా, వేదిక దిగగానే అవ్వకు ఫోను చేసి, మంచిగనే చెప్పానని, కొంచెం పొడుగైందేమోనని అంటాను. ఆమె నా ప్రదర్శన ఒక్కటి కూడా చూడలేదు. అయినా ప్రతిసారీ క్షణం కూడా ఆలోచించకుండా, "పొడుగైంది" అని తీర్పు చెప్పి, తన మాటకు తనే పగలబడి నవ్వుతుంది. ఆ నవ్వు అయ్యేదాకా నేను ఫోను పెట్టేయను.