దోముహానికి ఆయన కలిపిన ఇంధనంతో

మా ఆయన అస్థికలను దోముహానిలో కలపడానికి బయల్దేరిన ప్రయాణమిది. సోనారి చివర ఖర్కాయి, సువర్ణరేఖ నదులు కలిసేది అక్కడే. పెట్రోలు కరువు రోజులు కావడంతో మేముండే గోల్‌మురిలో ఆటోలు తిరగడం లేదు. మాకున్నవల్లా ఆయన స్కూటరు, ఆయన కలిపి ఉంచిన ఇంధనం డబ్బా. గ్యారేజీలో మెకానిక్‌గా పనిచేసిన ఆయన పెట్రోల్లో అయిదో వంతు ఆల్కహాల్ పోసి బండి నడిపేవారు. అది పేలుతుందన్న భయంతో అగ్గిపుల్ల గీసే ముందు ప్రతిసారీ డబ్బా ఎక్కడుందో చూసుకునేదాన్ని.

గుమ్మంలోనే మరిది అడ్డుపడ్డాడు. "సారా పోసిన బండి మీద అన్నయ్యని తీసుకెల్తావేటి వదినా? మైల కాదా?"

"ఇది తాగేది కాదు చిన్నాన్నా, చెరుకు మడ్డి నుంచి తీసింది. నాన్న చేత్తో కలిపింది నాన్నకే మైలేటి?" అన్నాడు మా అబ్బాయి.

ఉదయం ఏడింటికి, ఆ చలిలో బండి ఒక పట్టాన అందుకోలేదు. మా అబ్బాయి కిక్కు మీద కిక్కు కొట్టాడు. కాసేపటికి కదిలింది. సాక్చిలో బంకు దగ్గర ఆగితే, "పెట్రోల్ ఖతమ్, మాతాజీ" అన్నాడు అక్కడి మనిషి.

"దారిలో ఆగిపోద్దేమోరా? మీ నాన్నని ఒళ్లో పెట్టుకుని నడిరోడ్డు మీద కూకోవాలా?"

"కుఛ్ నహీ హోగా, ఏం కాదమ్మా. ఇంజను టకటకమని కొట్టుకుంటందా, లేదుగా? పొగ కూడా తక్కువే. చెరుకు మన పొలాల్లోనే పండుద్ది, పెట్రోలు తెచ్చే ఓడల కోసం ఎదురుచూడక్కర్లేదు అనేవోడు కదా నాన్న."

అనేవారు. అప్పుడు నేను వినిపించుకుంటేనా!

బిస్టుపూర్ దాటి, సోనారి మీదుగా ఎనిమిదింటికల్లా రేవు చేరాం. రెండు రూపాయలకు పడవవాడు నీళ్లు కలిసే చోటికి తీసుకెళ్లాడు. అస్థికల కుండ ఖాళీ అయ్యాక చేతులు మరీ తేలికైపోయాయి.

వెళ్లేటప్పుడు ఇంధనం సరిపోదేమోనని భయపడ్డాను. తిరిగి వస్తుంటే మాత్రం అయిపోతోందని ఏడ్చాను. ఆయన చేత్తో కలిపింది ఇక అంతే. గోల్‌మురి మలుపులో బండి ఆగిపోతే, ఇద్దరం ఇంటిదాకా తోసుకొచ్చాం.

మీరూ దోముహానికి వెళ్తే పొద్దున్నే వెళ్లండి, తిరుగు ప్రయాణానికీ ఇంధనం చూసుకోండి. ఆల్కహాల్ కలిపింది వాడితే డబ్బా మూత గట్టిగా బిగించండి. గాలిలో చెమ్మ పీల్చుకుని పాడవుతుందని ఆయన చెప్పేవారు. మా డబ్బా ఖాళీదే. అయినా పడుకునే ముందు మూత మరోసారి బిగించి చూస్తుంటాను.