తాడు తెగని ఎపిసోడ్

లిఫ్టు మేస్త్రి ఇంట్లో టీవీ పక్కన జానెడు ఇనుప తాడు ముక్క ఒకటి ఉంటుంది. చిటికెన వేలంత లావు. సాయంత్రం సీరియల్లో లిఫ్టు కనపడిందంటే చాలు, మేస్త్రి చెయ్యి దాని మీదికి పోతుంది.

"తెగుతుంది చూడు. ఇప్పుడు తెగుతుంది," అంటాడు పళ్ళు నూరుతూ.

తెగుతుంది. డిటెక్టివ్ ఎక్కిన లిఫ్టు నిప్పులు కక్కుతూ పన్నెండు అంతస్తులు జారుతుంది. ఆయనగారు లిఫ్టు పైకప్పు మూత తోసుకుని బయటికొచ్చి ఒంటిచేత్తో వేలాడతాడు. జుట్టు కూడా చెదరదు. మేస్త్రి తాడు ముక్కతో బల్ల మీద టకటకా కొడతాడు.

"ఒక్క తాడేనా ఉండేది? నాలుగు! ఒక్కోటీ మొత్తం లిఫ్టుని మోస్తుంది. నాలుగూ పోయినా కింద ఇనుప దవడలుంటాయి, పట్టాల్ని కరిచి పట్టుకుంటాయి. పాతికేళ్ళలో ఒక్క లిఫ్టు పడగా చూళ్ళేదు నేను. ఆ మూతకి బోల్టు బయట ఉంటుందిరా, నీ తాత తోసినా రాదు!"

"మీరు కాస్త నోరు మూస్తే హంతకుడెవరో చూస్తాను," అంటుంది భార్య, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"నే చెప్తా హంతకుడెవరో. ఈ కథ రాసినవాడు."

శనివారం సైన్సు కథ వస్తుంది. అందులో లిఫ్టు మీట రెండుసార్లు నొక్కితే మూడొందల ఏళ్ళు ముందుకు పోతుంది. పోనీ. తను కాలంలోకి పోయి చూడలేదు కాబట్టి ఆయన కాదనడు. కానీ అక్కడా మెకానిక్ అనేవాడు మచ్చుకైనా కనపడడు.

"మూడొందల ఏళ్ళూ దానికి గ్రీజు ఎవడు పెట్టాడే?"

అసలు మంట ఇంకొకటి. లిఫ్టు మధ్యలో ఆగితే మనుషులు చచ్చేది లిఫ్టు పడి కాదు, కంగారులో తామే దూకి. సగం తెరిచిన తలుపులోంచి దిగబోయి లిఫ్టు కిందున్న గుంతలోకి జారినవాణ్ణి మేస్త్రి ఒకసారి తన చేతులతో పైకి తీశాడు. ఆ సంగతి భార్యకి ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికొస్తుందా? ఆవిడ చెవికెక్కలేదు.

ఒక మధ్యాహ్నం మేస్త్రి పక్క వీధి ఆసుపత్రిలో లిఫ్టు తలుపు పట్టాలు తుడుస్తున్నాడు. ఫోన్ మోగింది. తాముండే భవనంలోనే కింద కుట్టు దుకాణం నడిపే టైలరు.

"అన్నా, వదిన లిఫ్టులో ఇరుక్కుంది. రెండుకీ మూడుకీ మధ్య. నువ్వేం కంగారుపడకు, మేం దించేస్తున్నాం."

ఆ 'మేం' వినగానే మేస్త్రికి చెమటలు పట్టాయి. "ఏదీ ముట్టుకోవద్దు! విన్నావా?" అనేలోపే అవతల ఫోన్ పెట్టేశాడు.

పరిగెత్తాడు. రెండో అంతస్తుకి చేరేసరికి టైలరు కడ్డీతో తలుపు పెకలించి ఉన్నాడు. పై సగంలో లిఫ్టు, కింది సగంలో చీకటి గుంత. లిఫ్టు అంచున ఆవిడ రెండు కాళ్ళూ బయటికి వేలాడేసి కూర్చుంది. అప్పుడే కుట్టించుకున్న కర్టెన్లు రెండు ముడేసి, ఒక కొస లోపలి కడ్డీకి కట్టుకుంది. రెండో కొస టైలరు చేతిలో.

"రా వదినా, మొన్న డిటెక్టివ్ ఇలాగే దిగాడుగా! కుట్టు నాది, తెగదు."

"కాళ్ళు లోపలికి తియ్యి!" అరిచాడు మేస్త్రి. "లిఫ్టు పడదు. ఒక్కదానివే ఉన్నావు, తాడుకి అవతలి కొసనున్న ఎదురు బరువే ఎక్కువ, కదిలితే పైకే కదులుతుంది. పై గడపకి నీ కాళ్ళు..."

"మీరెప్పుడూ అంతే అంటారు! ఇందాక పైన టక్కుమంది. తాడు తెగుతోందండీ!" ఆవిడ ఇంకాస్త ముందుకి జరిగింది.

తాడు గురించి ఇంకొక్క మాట చెప్పినా దూకేస్తుంది. మేస్త్రి పౌరుషం దిగమింగుకున్నాడు.

"నిన్నటి ఎపిసోడ్ చూశావా నువ్వు?"

"నిన్న కరెంటేదీ?"

"నేను ఆసుపత్రిలో చూశా. మీ డిటెక్టివ్ ఇలాగే కాళ్ళు బయటపెట్టి కూర్చున్నాడు. లిఫ్టు కదిలింది. రెండు కాళ్ళూ పోయాయి."

"మోకాళ్ళ దాకానా?"

"తొడల దాకా."

ఆవిడ కాళ్ళు చటుక్కున లోపలికి పోయాయి.

"అదేంటన్నా," అన్నాడు టైలరు దిగులుగా, "మరి రేపట్నుంచి దొంగల వెంట ఎలా పడతాడు?"

"నువ్వు ముందు ఆ తలుపు మూసి, దానికి అడ్డంగా నిలబడు. కదిలావంటే నీ కాళ్ళు నేనే తీస్తా."

మేస్త్రి మెట్లెక్కి మోటారు గదిలోకి పోయాడు. మెయిన్ స్విచ్చి తీసి, బ్రేకు వదులు చేస్తూ చక్రాన్ని చేత్తో కొద్దికొద్దిగా తిప్పాడు. లిఫ్టు మూడో అంతస్తు గడపకి సమంగా వచ్చేదాకా ఆపలేదు.

దిగొచ్చి తలుపు తీశాడు. ఆవిడ కర్టెన్లు గుండెకి హత్తుకుని బయటికొచ్చింది.

"పాపం, రెండు కాళ్ళూనా?"

మేస్త్రికి చిర్రెత్తుకొచ్చింది. "ఏ కాళ్ళూ పోలేదు! ఆ ఎపిసోడే లేదు. నేను కల్పించా. పాతికేళ్ళు నిజం చెప్తే గాలికి పోయింది. ఒక్క అబద్ధం, అదీ వాడి పేరు మీద చెప్తే ఠక్కున విన్నావు. నేను మొగుణ్ణా, వాడా?"

ఆవిడ మిగతా మెట్లు నడిచే ఎక్కింది.

సాయంత్రం డిటెక్టివ్ రెండు కాళ్ళతో పరిగెత్తుకొచ్చి లిఫ్టెక్కాడు. మేస్త్రి బల్ల మీద కొట్టలేదు. తాడు ముక్క తీసి ఆవిడ ఒళ్ళో పడేశాడు.

"వంచు."

రెండు చేతులతో పట్టుకుని వంచింది. మోకాలికి ఆనించి, ఒగరుస్తూ, బలమంతా పెట్టి వంచింది. వంగలేదు. అరచేతుల్లో దాని మెలికల అచ్చులు ఎర్రగా పడ్డాయి. టీవీలో అలాంటి తాడే పటుక్కున తెగింది.

ఆవిడ అచ్చుల్ని చూసుకుంది, టీవీని చూసింది, మొగుడి వైపు తిరిగింది.

"ఇన్నేళ్ళూ దీంతో బల్ల పగలగొట్టారే," అంది మండిపడుతూ, "ఒక్కసారైనా నా చేతికిచ్చారా?"