చీలమండ కొలత

ఎర్రగుంట్ల స్టేషన్ వెయిటింగ్ రూములో ఒక ముసలావిడ గాజుల బుట్టతో వచ్చి నా పక్కన కూర్చుంది. అప్పుడు నా ఒళ్లో వెడల్పాటి రాగి రింగు ఉంది. మూడు నెలల పని అది.

“ఎవరికమ్మా ఈ కడియం?” అంది.

చక్కెర వ్యాధితో కాలికి పుండు పడ్డవాళ్లకని చెప్పాను. మా ల్యాబులో దాన్ని రెసొనేటర్ అంటాం. చీలమండ చుట్టూ ఉంచి తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో తరంగాలు పంపితే, లోపలి కండకు ఆక్సిజన్ ఎంత అందుతోందో బొమ్మ తీయొచ్చు. ఒంటికి ఎంత దగ్గరగా ఉంటే బొమ్మ అంత స్పష్టం. అందుకే సరిగ్గా చీలమండ కొలతకే చేశాను. కాలికి బదులు ఉప్పునీళ్ల సీసా దూర్చి పరీక్షించాను కూడా. ఇదంతా ఆమెకు కాస్త గర్వంగానే వివరించాను.

ఆమె రింగును ఒకసారి తిప్పి చూసింది. తర్వాత అడక్కుండానే నా బోసి చెయ్యి అందుకుని, బొటనవేలి మొదలును అరచేతిలోకి నొక్కింది.

“గాజు ఉండేది మణికట్టు కాడ. కొలత చూసేది ఈడ. నీ కడియం మడమ యాడ దాటుతాదమ్మా? పుండుండే కాలు, నొక్కను గూడా రాదు.”

ఇంతలో కడప బండి వస్తే బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

గదిలో ఎవరూ లేరని చూసుకుని చెప్పు విప్పాను. రింగు మడమ దగ్గరే ఆగిపోయింది.

ఇప్పుడు మా రింగు రెండు సగాలుగా తెరుచుకుంటుంది. అలా ఎందుకు చేశారని ఎవరైనా అడిగితే, సీసాకు మడమ ఉండదని చెబుతాను.