బ్యాటరీ తీశాక వినిపించిన చరణం

దయ్యాలున్నాయని నేనేనాడూ నమ్మలేదు. ఇది చదివి, పంతులు మారిపోయాడని ఎవరైనా ప్రచారం చేస్తే వాళ్లనూ నమ్మకండి.

అరవైల చివరి సంగతి. విడవలూరు దగ్గర ఒక ఊళ్లో బడిపంతులుగా ఉండేవాణ్ణి. రేడియో సామాను విప్పి కొత్తవి కట్టడం నాకున్న ఒకే ఒక్క పిచ్చి.

ఆ ఊరి చర్చిలో దేవదానం పాటలు కట్టి పాడేవాడు. గొంతులో పుండు లేచి ఆపరేషన్ చేశాక ఆయనకు గుసగుస తప్ప ఏమీ మిగల్లేదు. అప్పుడు గిటారు పట్టాడు. కానీ తీగ మీటితే శబ్దం అట్టే నిలవదు. కీర్తనలో స్వరం సాగాలి.

అందుకని రెండు ట్రాన్సిస్టర్లతో అరచేతంత రేకు పెట్టె కట్టిచ్చాను. గిటారుకూ, స్పీకరుగా వాడే పాత రేడియోకూ నడుమ దాన్ని తగిలిస్తే శబ్దం బొంగురుపోయి, మనిషి కంఠంలా సాగేది. మొదట్లో మరీ గాండ్రించింది. కెపాసిటర్లు మార్చి మార్చి మెత్తబరిచాను.

సంఘపెద్ద ఏసురత్నంగారికి అది గిట్టలేదు.

"అది దయ్యం గొంతు. ఆ పెట్టెతో ఈడ వాయించబాకు దేవదానం" అన్నారు.

పెట్టె లేకపోతే దేవదానానికి పాట లేదు. నాకు ఒళ్లు మండింది.

"దయ్యానికి బ్యాటరీ అక్కర్లేదు గదా పెద్దయ్యా? వాయిస్తుండగా పీకేస్తా. ఆగిపోతే యంత్రం. మోగితే మీరన్నదే."

"మోగితే సముద్రంలో పారేస్తారా అయ్యవారూ?"

"పారేస్తా."

ఆదివారం ఆరాధన అయ్యాక, పట్టపగలు, అందరూ కూర్చునే ఉన్నారు. దేవదానం ఆ వారం తాను కట్టిన కొత్త పాట ఎత్తుకున్నాడు. ఆఖరి చరణంలో ఇంకొక్క పాదం ఉందనగా బ్యాటరీ లాగేశాను. ఆయన వాయించడం ఆపి, తీగల మీద అరచెయ్యి పరిచాడు.

మిగిలిన పాదం రేడియోలోంచి వినిపించింది. తొందర లేకుండా, రాగం చెడకుండా, చివరిదాకా. తర్వాత ఆగింది. బ్యాటరీ నా గుప్పిట్లోనే ఉంది.

"మాటిచ్చినారు అయ్యవారూ" అన్నారు ఏసురత్నంగారు.

మాట తప్పడం నాకు చేతకాదు. పెట్టె ఊడదీసుకుని లేచాను. దేవదానం వచ్చి నా చేతిలోంచి లాక్కున్నాడు. ఆయన గుసగుస వినడానికి పెద్దాయన వంగాల్సి వచ్చింది.

"దయ్యమైతే దేవుడి పాట కడదాకా ఎందుకు పాడద్ది పెద్దయ్యా? నడమనే ఎగ్గొట్టి పోయేది గదా."

ఏసురత్నంగారు వంగిన నడుం నిటారు చేసుకున్నారు. "పై ఆదివారం తొందరగా రా" అని మాత్రం అన్నారు.

దేవదానం పాట నిలిచింది. నిలబెట్టింది నా తర్కం కాదని ఒప్పుకుంటాను.

ఆ సాయంత్రమే మళ్లీ పరీక్షించాను. బ్యాటరీ తీసిన మరుక్షణం నిశ్శబ్దం. కెపాసిటరులో మిగిలిన కరెంటు అనుకుందామంటే, అది రాగం తియ్యదు. ఏదో స్టేషన్ అనుకుందామంటే, ఆ పాట దేవదానం అంతకుముందు ఎవరి ముందూ వాయించలేదు. మూకభ్రమ అంటారా? ఆ మూకలో నేనూ ఉన్నాను, అందరికన్నా శ్రద్ధగా విన్నాను.

ఏసురత్నంగారు ఎదురైనప్పుడల్లా "ఏం అయ్యవారూ, తేలిందా?" అనేవారు.

తేలలేదు. ఈనాటికీ తేలలేదు. తేలనిదానికి దయ్యమని పేరు మాత్రం పెట్టను.